మోకాలి లోతే కదా! గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్లేవాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

మే నెల వచ్చిందంటే మా కాలమ్‌కి వచ్చే ఉత్తరాలన్నీ ఉప్పగా ఉంటాయి. గల్ఫ్ అనగానే ఊళ్లో అందరూ దుబాయ్, కువైట్ అనుకుంటారు గానీ ఇక్కడ మనం మాట్లాడుకునేది టెక్సస్ కింద ఉన్న మెక్సికో గల్ఫ్ గురించి. హ్యూస్టన్ నుంచి 45వ నంబరు హైవే ఎక్కితే గంటలో గాల్వెస్టన్ దీవి వచ్చేస్తుంది, అందుకే డాలస్, ఆస్టిన్ తెలుగువాళ్లకి కూడా సముద్రం అంటే అదే. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగినవి ఏరి జవాబులిస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊరి పేర్లే వేశాం.

ప్రశ్న: జూలై 4 సెలవులకి మూడు కుటుంబాలు కలిసి వెళ్తున్నాం, పిల్లలు ఐదుగురు. శుక్రవారం రాత్రి ఆఫీసు పని అయ్యాక బయల్దేరి తెల్లారేసరికి బీచ్‌లో ఉండాలని ప్లాన్. మాలో ఒక్కరికీ ఈత రాదు. మోకాలి లోతు దాటమని మా ఆవిడకి మాటిచ్చాను. ఆవిడ భయమంతా సొరచేపల మీదే. మోకాలి లోతైతే భయం లేదు కదా? (ఫ్రిస్కో)

జవాబు: సొరచేపల సంగతి ముందు తేల్చేద్దాం. మనం కవ్వించకుండా సొరచేప కరిచిన ఘటనలు ప్రపంచం మొత్తం మీద కలిపినా ఏడాదికి వంద లోపే ఉంటాయి. 2024 జూలై 4న ఇదే రాష్ట్రంలో సౌత్ పాడ్రే దీవి దగ్గర కొందరు గాయపడిన మాట నిజమే, ఆ వీడియోలు మీ ఆవిడ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటాయి. కానీ ఒక్క అమెరికాలోనే రిప్ కరెంట్లకి, అంటే మనిషిని ఒడ్డు నుంచి లోపలికి లాక్కెళ్లే ప్రవాహాలకి, ఏటా వంద మందికి పైగా బలవుతున్నారని ఇక్కడి లైఫ్‌గార్డుల సంఘం అంచనా. ఆ వీడియోలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇక మీ మోకాలి లోతు. ఇంట్లో టబ్బులో మోకాలి లోతు వేరు, గల్ఫ్‌లో మోకాలి లోతు వేరు. గాల్వెస్టన్ దగ్గర సముద్రం అడుగు నున్నగా వాలుగా ఉండదు. మన పొలాల్లో గట్టు, మడి, మళ్లీ గట్టు ఉన్నట్టే ఒడ్డుకి వరసగా ఇసుక గట్లు, వాటి మధ్య పల్లాలు ఉంటాయి. గట్టు మీద నిలబడ్డవాడికి నీళ్లు మోకాలి దాకానే, నాలుగడుగులు పక్కకి వేస్తే పల్లంలో ఛాతీ దాకా, మీ చెయ్యి పట్టుకున్న ఆరేళ్ల పిల్లకైతే తల మునిగేదాకా. పైగా నీళ్లు మట్టిరంగులో ఉంటాయి కాబట్టి కింద ఏముందో కనపడదు.

అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా, అవి ఇసుక గట్టు తెగిన చోట సన్నటి పాయగా కలిసి లోపలికి పరిగెడతాయి. అదే రిప్ కరెంట్. అది మనిషిని కిందకి లాగదు, లోపలికి లాక్కెళ్తుంది, కిందకి లాగేది మన కంగారు. దీంట్లో పెద్ద మోసం ఏంటంటే ఆ పాయ మీద అలలు విరగవు, నురుగు ఉండదు, అటూ ఇటూ కెరటాలు లేస్తుంటే ఆ మధ్యలో మాత్రం చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు "ఇక్కడ బాగుంది, అలల్లేవు" అని ఏరికోరి సరిగ్గా అక్కడే దింపుతారు. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను, లైఫ్‌గార్డు కుర్రాడు విజిల్ వేసుకుంటూ పరిగెత్తుకొస్తే విసుక్కున్నాను కూడా.

గాల్వెస్టన్‌లో ఇంకో తంటా ఉంది. సీవాల్ (ఊరికి అడ్డంగా కట్టిన సముద్రపు గోడ) పొడుగునా సముద్రంలోకి రాళ్ల కట్టలు వేసి ఉంటాయి, ఇసుక కొట్టుకుపోకుండా. వాటి పక్కన రిప్ కరెంట్ ఒకరోజు ఉండి ఒకరోజు పోయే రకం కాదు, దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కింద గుంటలు కూడా పడతాయి. రాళ్ల దగ్గర నీళ్లలో దిగొద్దని బోర్డులు ఉంటాయి. ఫోటోకి బాగుందని ఆ రాళ్లెక్కి, అటు నుంచి నీళ్లలోకి దిగడం అస్సలు వద్దు. నాచు పట్టి జారతాయి, ఆల్చిప్పలు కత్తుల్లా ఉంటాయి.

మీకు ఈత రాదన్నారు కాబట్టి సూటిగా చెప్తాను. స్టూవర్ట్ బీచ్‌కో ఈస్ట్ బీచ్‌కో వెళ్లండి, వేసవిలో లైఫ్‌గార్డులు ఉండేవి అవి. వాళ్ల టవర్‌కి ఎదురుగా కూర్చోండి, పార్కింగ్ దగ్గరగా ఉందని ఎక్కడో కూర్చోవద్దు. లైఫ్‌గార్డులున్న బీచ్‌లో మునిగి చనిపోయే అవకాశం కోటీ ఎనభై లక్షల్లో ఒకటి అని ఆ సంఘమే లెక్కగట్టింది. పిల్లలకి చేతులకి తొడిగే గాలి బుడగలు బొమ్మలు మాత్రమే, వాటిని నమ్మొద్దు. కోస్ట్ గార్డ్ ఆమోదం ఉందని లోపల ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ కొనండి, పిల్ల బరువుకి తగ్గ సైజు చూసి. స్విమ్ సూట్ నీలం రంగులో వద్దు, నీళ్లలో కలిసిపోతుంది. నారింజో, చిలకపచ్చో, కళ్లు జిగేల్మనేది ఏదైనా సరే.

జెండాలు చూడండి. ఆకుపచ్చ అంటే సముద్రం నెమ్మదిగా ఉంది, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే అలలూ ప్రవాహమూ జోరుగా ఉన్నాయి, ఈత రానివాళ్లు ఒడ్డు మీదే. ఊదా జెండా గురించి కింద వేరే ప్రశ్నలో రాశాను. ఫ్లోరిడాలో డెస్టిన్ వైపు వెళ్తే రెండు ఎర్రజెండాలు కలిపి ఎగరేస్తారు, అప్పుడు నీళ్లలోకి దిగడమే నేరం, జరిమానా పడుతుంది.

ఒకవేళ ఎవరైనా కొట్టుకుపోతే? ప్రవాహంలో ఉన్నవాళ్లు ఒడ్డుకేసి ఎదురీదకూడదు, వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ పాయ దాటాక వెనక్కి రావాలి. ఒడ్డు మీదున్నవాళ్లకి చెప్పేది ఇంకా ముఖ్యం: వెనకే దూకొద్దు. తమ్ముడి కోసం అన్న, అన్న కోసం బావ దిగడం వల్లే ఒక ప్రాణంతో ఆగాల్సింది మూడు దాకా పోతుంది. మూత బిగించిన ఖాళీ కూలర్, ఫుట్‌బాల్, అలల మీద తేలే బూగీ బోర్డు, ఏది తేలితే అది వాళ్ల వైపు విసిరి, లైఫ్‌గార్డుని పిలిచి, 911 కొట్టండి.

ఆఖరిది, మీ ప్రయాణం ప్లాన్. రాత్రంతా ఐదు గంటలు డ్రైవ్ చేసి, నిద్ర లేకుండా, దిగీ దిగగానే నీళ్లలోకి అంటే నాకు రిప్ కరెంట్ కన్నా అదే ఎక్కువ భయం. పిల్లలు మునిగేటప్పుడు సినిమాలో లాగా కేకలు వెయ్యరు, చప్పుడు లేకుండా కిందకి పోతారు. పదిమంది పెద్దవాళ్లు ఉన్నచోట ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ఎవరూ చూడరు. పదిహేను నిమిషాలకొకరు చొప్పున కాపలా పెట్టుకోండి, కాపలా ఉన్నవాళ్ల చేతిలో ఫోనూ బీరూ ఉండకూడదు.

ప్రశ్న: మా అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. అంతర్వేదిలో చేసినట్టే ఇక్కడా సముద్రస్నానం చెయ్యాలని అత్తయ్యగారి కోరిక, అదీ చీరతోనే. మామయ్యగారికి పదిహేనేళ్లుగా షుగరు, చెప్పులు లేకుండా ఇసుకలో నడిస్తే కాళ్లకి మంచిదని ఎవరో చెప్పారట. నేను వద్దంటే కోడలు అడ్డుపడిందంటారు. మీరు చెప్పండి. (కేటీ)

జవాబు: అమ్మా, నా మీద తోసెయ్యండి, ఫర్వాలేదు. పత్రికలో రాశారని చూపించండి.

మామయ్యగారితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈసారి అన్ని ఉత్తరాల్లోకీ నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. గల్ఫ్ నీళ్లు వేసవిలో గోరువెచ్చగా ఉంటాయి, జూలై, ఆగస్టుల్లో 85 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వెళ్తాయి. అలాంటి వెచ్చటి నీళ్లలో, అందులోనూ నదుల మంచినీళ్లు కలిసే చోట, విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. కలరా తెచ్చే క్రిమికి ఇది దాయాది. వల్నిఫికస్ అంటే లాటిన్‌లో గాయం చేసేది అని అర్థం. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ల జోలికి ఇది రావడం అరుదు, కాబట్టి పేపర్లో "మాంసం తినే బ్యాక్టీరియా" అని చదివి అందరూ ట్రిప్పులు మానుకోనక్కర్లేదు. కానీ లివర్ జబ్బు, షుగరు ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి లెక్క వేరు. తెగిన చోటు నుంచి లోపలికి వెళ్తే గంటల్లో వాపు, ఎరుపు, బొబ్బలు, జ్వరం. ఇది సోకినవాళ్లలో ఐదుగురిలో ఒకరు చనిపోతారు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే. విబ్రియో జబ్బుల్లో ఎక్కువ భాగం మే నుంచి అక్టోబరు మధ్యలోనే వస్తాయి, అంటే సరిగ్గా మన అమ్మానాన్నలు వీసా మీద వచ్చే నెలల్లో.

పదిహేనేళ్ల షుగరంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. గుల్ల గుచ్చుకున్నా ఆయనకి తెలియదు. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంటే మనం గెంతుతాం, ఆయన నింపాదిగా నడుస్తారు, సాయంత్రం మేజోళ్లు తీస్తే అరికాలు బొబ్బలెక్కి ఉంటుంది. చెప్పుల్లేకుండా నడిస్తే మంచిదని చెప్పిన ఆ పెద్దమనిషి షుగరు డాక్టరు మాత్రం కాదని నేను పందెం కాస్తాను.

అందుకని, బయల్దేరే ముందు ఆయన పాదాలు, వేళ్ల సందులు, మడమల పగుళ్లు మీరో మీ ఆయనో చూడండి. ఎక్కడైనా పుండు, కోత, కొత్త టాటూ, ఆఖరికి గోరు తీసిన గాయం ఉన్నా ఆ రోజు నీళ్లలోకి వద్దు. ఏమీ లేకపోతే మూసి ఉండే వాటర్ షూస్ వేసుకుని, పొద్దున్నే ఎండెక్కకముందు, లైఫ్‌గార్డు ఎదురుగా, చీలమండలు తడిసేదాకా. బయటికి రాగానే సబ్బుతో, మంచినీళ్లతో కడిగి తుడిచి మళ్లీ చూడండి. ఆ తర్వాత కాలు ఎర్రబడితే "రేపు చూద్దాంలే" అనొద్దు, ఆ రాత్రికే ఎమర్జెన్సీకి వెళ్లి "సముద్రపు నీళ్లు తగిలాయి, షుగరు ఉంది" అని మీరే ముందు చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. నాకోసారి రాళ్ల దగ్గర ఆల్చిప్ప తెగి మామూలు క్లినిక్‌కి వెళ్తే, వంటింట్లో కత్తి తెగిందనుకుని బ్యాండేజీ వేసి పంపబోయారు, సముద్రం అన్నాకే డాక్టరు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఇన్సులిన్ వాడుతుంటే కారులో వదిలెయ్యకండి, కూలర్లో పెట్టండి, ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి.

ఇక అత్తయ్యగారి చీర. తడిస్తే కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి, ఒక అల వచ్చి పడేస్తే లేవలేరు, అదీ పిక్కల లోతు నీళ్లలో. లెగ్గింగ్స్ మీద పొడుగు చేతుల చొక్కా వేసుకోమనండి, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు కూడా దొరుకుతున్నాయి. ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. చీరతోనే ఒడ్డున తడి ఇసుక మీద నిలబడితే, మీరు చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద చల్లండి. ప్రోక్షణం కూడా స్నానం కిందే లెక్క అని మా అమ్మమ్మ అనేది. పుణ్యం తగ్గదు, పైగా కోడలి చేతి మీదుగా జరిగింది అవుతుంది.

ప్రశ్న: ఇంత దూరం వస్తే నీళ్లు కాఫీలా ఉన్నాయి. మురికి కాలవ కలుస్తోందా? ఫ్లోరిడాలో తెల్ల ఇసుక, నీలి నీళ్లు ఉంటే మనకే ఈ ఖర్మ ఏంటి? (ఆస్టిన్)

జవాబు: మురికి కాదండీ, ఒండ్రు. మిసిసిపి, అచఫలాయా నదులు మోసుకొచ్చిన మట్టి తీరం వెంబడి పడమటికి కొట్టుకొస్తుంది, ట్రినిటీ లాంటి మన నదులదీ కొంత కలుస్తుంది, అలలు ఆ సన్నటి మట్టిని అడుగు నుంచి లేపుతూనే ఉంటాయి. ఆగస్టులో గోదావరికి వరదొచ్చినప్పుడు అంతర్వేది దగ్గర సముద్రం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. డెస్టిన్ దగ్గర ఇసుక అపలేచియన్ కొండల నుంచి వచ్చిన పలుగురాయి పొడి, అందుకే అంత తెలుపు. కానీ ఆ అందమైన నీళ్లు చూసి మోసపోవద్దు, అక్కడి రిప్ కరెంట్లు ఏమీ తక్కువ తినలేదు.

రంగుకీ శుభ్రతకీ సంబంధం లేదు. రెండోదే తెలుసుకోవాలంటే టెక్సస్ బీచ్ వాచ్ అని ప్రభుత్వం నడిపే కార్యక్రమం ఉంది, నీళ్లలో మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఎంతుందో పరీక్షించి బీచ్‌ల వారీగా ఆన్‌లైన్‌లో పెడతారు. పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది. ఒడ్డున గుట్టలుగా పడుండే గోధుమరంగు నాచు సర్గాసమ్, అది కుళ్లితే కోడిగుడ్ల కంపు కొడుతుంది, అంతకు మించి దాన్ని చూసి దడుచుకోనక్కర్లేదు.

ప్రశ్న: ఊదా జెండా ఎగురుతోంది కానీ అందరూ నీళ్లలో ఉన్నారని మేమూ దిగాం. మా అబ్బాయి కాలికి నీలం రంగు దారంలాంటిది చుట్టుకుని కొరడాతో కొట్టినట్టు వాత తేలింది. పక్కనున్నవాళ్లు మూత్రం పొయ్యమన్నారు. ఇసుకతో రుద్దాం. తగ్గింది కానీ ఇంకోసారి ఏం చెయ్యాలి? (షుగర్ ల్యాండ్)

జవాబు: మూత్రం సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బీచ్‌లోనూ ఒకరుంటారు. అది పనిచెయ్యదు, పైగా మంట పెరగొచ్చు. ఇసుక రుద్దడమూ తప్పే. మీరు చెప్పిన గుర్తులు చూస్తే అది పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్ అయ్యుంటుంది. చూడ్డానికి నీలం, ఊదా కలిసిన చిన్న గాలి బుడగ, కింద పొడుగాటి దారాలు. జెల్లీఫిష్ అనుకుంటాం గానీ నిజానికి చాలా చిన్న జీవులు ఒకదానికొకటి అతుక్కుని ఒకటిగా బతికే కాలనీ అది. ఆ దారాల నిండా విషపు ముళ్ల తిత్తులు ఉంటాయి, రుద్దినా మంచినీళ్లు పోసినా అవి మిగిలినవీ పేలతాయి. ఒడ్డున ఎండిపోయినట్టు కనిపించినా కుడుతుంది, కాబట్టి పిల్లలు బుడగ బాగుందని చేత్తో పట్టుకోకుండా చూసుకోండి.

ఇంకోసారి అయితే సముద్రపు నీళ్లతోనే కడగండి, దారాలు ట్వీజర్‌తోనో చేతికి గ్లవ్ వేసుకునో తీసెయ్యండి, తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఒక ఇరవై నిమిషాలు ఉంచండి, 110 నుంచి 113 డిగ్రీల ఫారన్‌హీట్, కాలేంత కాదు. పిల్లాడి కాలు పెట్టేముందు మీ చెయ్యి పెట్టి చూడండి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా, వాంతులైనా 911. లైఫ్‌గార్డుల దగ్గర ఫస్ట్ ఎయిడ్ ఉంటుంది, మొహమాటం లేకుండా అడగండి.

ఊదా జెండా అంటే కుట్టే జీవులున్నాయని అర్థం. అది పసుపుకో ఎరుపుకో తోడుగా ఎగురుతుంది, నీళ్ల జోరు గురించి ఏమీ చెప్పదు. నీళ్లలో నడిచేటప్పుడు ఇంకో అలవాటు చేసుకోండి, అడుగు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో కాళ్లు ఈడుస్తూ నడవండి. మన మత్స్యకారులు టేకు చేప అంటారే, ఆ స్టింగ్ రే ఇసుకలో పడుకుని ఉంటుంది. కాలు ఈడిస్తే అదిరి పక్కకి పోతుంది, తొక్కితే తోక ముల్లు దింపుతుంది. ముల్లు దిగితే అలాగే వేడినీళ్లలో పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ముల్లు లోపలే ఉంటే మీరు పీకొద్దు.

ప్రశ్న: పీతలు పట్టుకోవచ్చా? మా ఆయన కాకినాడ, వలస వచ్చినప్పటి నుంచీ పీతల పులుసు మీదే మనసు. (పియర్‌ల్యాండ్)

జవాబు: భేషుగ్గా పట్టుకోవచ్చు. కోడి మెడ ఎముక ఒక దారానికి కట్టి నీళ్లలో వేసి, బరువు తగలగానే మెల్లిగా లాగి, కింద నుంచి పొడుగు కాడ ఉన్న వల పెట్టి ఎత్తడమే. కాకినాడాయనకి నేను చెప్పేదేముంది. చెప్పాల్సింది ఇక్కడి రూల్సు. పదిహేడేళ్లు నిండినవాళ్లకి లైసెన్సు కావాలి, ఉప్పునీళ్ల అనుమతి కూడా అందులో కలిపి తీసుకోవాలి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో మాత్రం ఒడ్డు మీద నుంచి పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్కు అలాంటిదే, గేటు టికెట్ కొంటే చాలు. ముందు అక్కడ మొదలుపెట్టండి. నీలి పీత డొప్ప అడ్డంగా, ఒక ముల్లు కొస నుంచి రెండో ముల్లు కొస దాకా ఐదు అంగుళాలు ఉండాలి, తక్కువైతే వదిలెయ్యాలి. కడుపు కింద స్పాంజి ముద్దలా గుడ్లున్న ఆడపీతనీ వదిలెయ్యాలి. గుడ్ల పీత రుచి నాకూ తెలుసు. అయినా వదిలెయ్యాలి.

చేతులకి మందపాటి గ్లవ్స్ మర్చిపోవద్దు. పీత కొండి గీరినా, రొయ్య ముల్లు గుచ్చుకున్నా అది పైన చెప్పిన విబ్రియోకి తలుపు తీసినట్టే. ఇంటికొచ్చి వండేదాకా ఐసులో ఉంచండి. పచ్చి ఆయిస్టర్లు నిమ్మకాయ పిండుకుని తినే ఫ్యాషన్ మన కుర్రాళ్లకీ అంటుకుంది, లివర్ జబ్బు, షుగరు ఉన్నవాళ్లు దాని దగ్గరికే వెళ్లొద్దు. నిమ్మరసానికీ కారం సాస్‌కీ ఆ బ్యాక్టీరియా చావదు, ఉడికిస్తేనే చస్తుంది.

ప్రశ్న: దీవి పడమటి కొసన శాన్ లూయీ పాస్ దగ్గర జనమే లేరు, సూర్యాస్తమయం అద్భుతం. పిల్లలతో అక్కడ దిగొచ్చా? (హ్యూస్టన్)

జవాబు: వద్దు. జనం లేనిది అందుకే. గాల్వెస్టన్‌లో పోటూ పాటూ చూడ్డానికి ఏమంత పెద్దవి కావు, తేడా ఒకటి రెండు అడుగులే. కానీ దీవి వెనక ఉన్న బే (అఖాతం) నీళ్లన్నీ ఆ ఇరుకు సందులోంచే సముద్రంలోకి పోవాలి, రావాలి. మన ఉప్పుటేరు మొగ దగ్గర పడవవాళ్లు ఎంత జాగ్రత్తపడతారో గుర్తు తెచ్చుకోండి. ఒడ్డున చీలమండ లోతులో నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోయి మనిషి కాలవలో పడతాడు. అక్కడ చాలామంది పోయారు, ఈత నిషేధం. కారు పక్కన కుర్చీ వేసుకుని సూర్యాస్తమయం చూడండి, పిల్లలు నీళ్ల వైపు వెళ్లకుండా.

ప్రశ్న: ఫుడ్ సంగతేంటి? చికెన్ బిర్యానీ, పులిహోర, పెరుగన్నం చేసుకెళ్దామనుకుంటున్నాం. (ఇర్వింగ్)

జవాబు: పులిహోర రాజు. చింతపండు పులుపు కాస్త కాపాడుతుంది, చల్లగా తిన్నా రుచి పోదు. బిర్యానీ, పెరుగన్నం కూలర్లో ఐసు మధ్యన ఉంటేనే. ఇక్కడి ఆహార శాఖ లెక్క ప్రకారం వండిన పదార్థం బయట రెండు గంటలు ఆగుతుంది, 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో ఒక్క గంటే. జూలైలో మీకు గంటే అన్నమాట. నీళ్లకి వేరే కూలర్ పెట్టుకోండి, లేదంటే పిల్లలు పదిసార్లు మూత తీసి బిర్యానీ పాడుచేస్తారు. మజ్జిగ బాటిళ్లు గడ్డకట్టించి తీసుకెళ్తే ఐసుగానూ పనికొస్తాయి, కరిగాక తాగడానికీ. గాజు సీసాలు బీచ్‌లోకి తేకూడదు, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి.

మనం నల్లగా ఉంటాం, సన్‌స్క్రీన్ ఎందుకనే మాట మా ఇంట్లోనూ విన్నాను. మన ఒళ్లూ కమిలిపోతుంది, ఎరుపు కనపడదంతే. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది రాయండి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. పిల్లలు ఇసుకలో గుంతలు తవ్వితే వాళ్ల మోకాలి ఎత్తు దాటనివ్వకండి, గోడ కూలి పూడుకుపోయిన పిల్లలు ఉన్నారు. వెళ్లేముందు గుంత పూడ్చండి, రాత్రి ఎవరో ఒకరు కాలు విరగ్గొట్టుకుంటారు.

ప్రశ్న: ఆగస్టు ఆఖర్లో హోటల్ బుక్ చేశాం. తుఫాను వస్తే? (ప్లేనో)

జవాబు: డబ్బు వెనక్కిచ్చే బుకింగ్ తీసుకోండి. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఆగస్టు, సెప్టెంబరు దాని నడిమధ్య. ముందూ రావచ్చు, 2024లో బెరిల్ జూలై 8నే టెక్సస్ తీరం దాటింది. మనవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది: తుఫాను ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉండి, మన నెత్తిన ఎండ కాస్తున్నా, దాని అలలు ముందే వచ్చి రిప్ కరెంట్లు రేపుతాయి. ఆకాశం చూసి కాదు, జెండా చూసి దిగాలి. ఉరుము వినపడితే నీళ్లలోంచి బయటికొచ్చి కారులో కూర్చోండి, గొడుగు కింద కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

గాల్వెస్టన్‌కి వెళ్లి సీవాల్ మీద నడిచేవాళ్లలో ఆ గోడ ఎందుకుందో అడిగేవాళ్లు తక్కువ. 1900 సెప్టెంబరు 8న ఉప్పెన ఈ దీవి మీదుగా పోయింది, సుమారు 8,000 మంది చనిపోయారని అంచనా. అమెరికాలో ప్రకృతి విపత్తుకి అంతమంది పోయింది మళ్లీ లేదు. ఆ తర్వాత 1902లో మొదలుపెట్టి 17 అడుగుల ఎత్తున గోడ కట్టారు, ఊరు ఊరంతా జాకీలు పెట్టి ఎత్తి కింద ఇసుక నింపారు. 1977 నవంబరు 19 దివిసీమ గుర్తున్న ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ గోడ మీద ఐస్‌క్రీమ్ తింటూ నడవడం నాకెందుకో చేతకాదు. ఖాళీ చెయ్యమని ఆర్డరు వస్తే హోటల్ డబ్బుల గురించి ఆలోచించకుండా బయల్దేరండి.

ప్రశ్న: కాళ్లకి తారు అంటుకుంది, పోవట్లేదు. (టెంపుల్)

జవాబు: బేబీ ఆయిల్ రాసి గుడ్డతో తుడవండి, లేదంటే కొబ్బరినూనె. పెట్రోలు, కిరసనాయిలు వద్దు, చర్మం పాడవుతుంది. ఎవరో ఓడ నుంచి పారబోశారనుకోకండి, గల్ఫ్ అడుగు నుంచి సహజంగా ఊరే తారు కూడా ఉంటుంది. ఇక్కడ పూర్వం ఉన్న కరంకావా తెగవాళ్లు ఈ తారునే కుండలకి నీళ్లు కారకుండా పూసుకునేవాళ్లు. కారు సీట్లకి అంటుకుంటే మాత్రం నా దగ్గర మందు లేదు, ఎక్కే ముందు పాత తువ్వాలు పరుచుకోండి. కారు తాళం జేబులో పెట్టుకుని నీళ్లలోకి దిగొద్దు, ఉప్పునీళ్లలో ఆ రిమోట్ చచ్చిపోతుంది. నాకు ఆ రోజు టో ట్రక్కు వచ్చేసరికి చీకటి పడింది.